ఫేస్‌బుక్, వాట్సాప్ లేకుండా చుట్టాలతో, స్నేహితులతో సంబంధాలు నిలుస్తాయా?

ప్రశ్న అడిగినావిడ సంగతి క్లుప్తంగా ఇదీ. సొంతూరు రాజోలు దగ్గర, ఉద్యోగం హైదరాబాదులో. ఈ మధ్య ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ తీసేశారు. వాట్సాప్‌లో ఇంటిపేరుతో నడిచే కుటుంబం గ్రూపులోంచి కూడా బయటికొచ్చేశారు. "కావలసినవాళ్లకి ఫోన్ చేసుకుంటాను, మిగతాదంతా టైం దండగ" అని ఆవిడ వాదన. "అందరికీ దూరమైపోతున్నావే" అని వాళ్లమ్మగారి గోల. ఎవరిది రైటు అని అడుగుతున్నారు.

ఇద్దరిదీ సగం సగం అని తప్పించుకోను లెండి. మీదే రైటు, ఒక షరతు మీద. ఈ నెలలో మీ అంతట మీరు ఎవరెవరికి ఫోన్ చేశారో కాల్ లిస్టు తీసి చూసుకోండి. ఆఫీసు వాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, అమ్మానాన్నలు పోను ఇంకో నాలుగైదు పేర్లు కనబడితే మీకు ఏ యాపూ అక్కర్లేదు, హాయిగా ఉండండి. కనబడకపోతే మాత్రం అమ్మగారి గోలలో న్యాయం ఉంది. యాప్ తీసేసినంత మాత్రాన చెయ్యి దానంతటది ఫోన్ మీదకి పోదండీ. తీసేసిన టైముని ఇంకో యాప్ తినేస్తుంది.

ఈ విషయంలో నాకేం తెలుసంటారా? అమలాపురం దగ్గర ఎస్‌టీడీ బూత్‌తో మొదలైన బతుకు నాది. తర్వాత అదే గదిలో నెట్ సెంటర్, ఇప్పుడు సెల్ షాపు. కోనసీమ నుంచి, ఏటికి అవతల పశ్చిమ గోదావరి నుంచి కువైట్‌కి, మస్కట్‌కి, దుబాయ్‌కి ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారని మీకు వేరే చెప్పక్కర్లేదు. వాళ్లూ వాళ్ల పిల్లలూ ఆ దూరాన్ని ఎలా ఓర్చుకున్నారో చాలా మటుకు నా కౌంటర్ ముందే చూశాను. కాబట్టి సోషల్ మీడియా పనికొస్తుందా రాదా అనేది నాకు పుస్తకాల్లో చర్చ కాదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఇక్కడ ఇళ్లల్లో పొయ్యి వెలగని రోజులవి. ఎవరో ఒకరు తిరిగొచ్చి "మీ వదినని ఫలానాచోట చూశాను, బాగానే ఉంది" అంటే తప్ప కబురు లేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో కూడా ఉత్తరం, లేదంటే పక్కింటివాళ్ల పి.పి. నంబరు, అంటే వాళ్ల ఫోన్‌కి చేస్తే మనల్ని పిలిచేవాళ్లు. ఆ పక్కింటివాళ్లతో మాటా మాటా వస్తే ఫోనూ పోయేది. చదువు రానివాళ్లు క్యాసెట్టులో మాటలు రికార్డు చేసి, వెళ్లేవాళ్ల చేతికి ఆవకాయ జాడీతో పాటు ఇచ్చేవారు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి బూత్ దగ్గర బల్ల మీద పిల్లలు నిద్రకి జోగుతూ కూర్చునేవారు. మీటర్ మీద అంకెలు పరిగెడుతుంటే చెప్పాలనుకున్నది చెప్పకుండానే "ఉంటానమ్మా" అని పెట్టేసేవాళ్లు. సెల్‌ఫోన్లు వచ్చాక మిస్డ్ కాల్ భాష పుట్టింది. రాత్రి ఒక మిస్డ్ కాల్ వస్తే క్షేమం, రెండొస్తే నువ్వే చెయ్యి.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అదే ఏడాది నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. అంతకుముందు ఐఎంఓ అనే యాప్‌లో బొమ్మ ఆగి ఆగి కనబడేది. ఆ రెండూ కలిసొచ్చిన చలికాలంలో మా షాపులో ఒక నడివయసావిడ, మొదటిసారి కూతురి మొహం తెర మీద చూసి, మాట్లాడకుండా కొంగుతో ఫోన్ అద్దం తుడుస్తూ నిలబడింది. మసక అద్దం మీద ఉందనుకుంది పాపం. అవతల కువైట్ వంటింట్లో వెలుగు లేకే మసక. ఆవిడకి వెళ్లి సోషల్ మీడియా టైం దండగ అని చెప్పండి చూద్దాం. దూరం తప్పనిసరి అయినవాళ్లకి ఇది అన్నంతో సమానం. అందులో వాదన లేదు.

మీది ఆ కేసు కాదు. మీరు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి రాజోలులో దిగుతారు. మీ బోటివాళ్ల విషయంలో చిక్కు వేరే చోట ఉంది.

నా షాపుకి రీఛార్జికి వచ్చే ఒక పెద్దాయనకి అన్నగారి మనవరాలి ఓణీల ఫంక్షన్ అయింది, వైజాగ్‌లో. ఈయన మోకాళ్ల నొప్పులతో వెళ్లలేకపోయాడు. "ఫోన్ చేసి పలకరించారా?" అన్నాను. "ఫొటోలన్నీ స్టేటస్‌లో చూశాను కదండీ, ఇంక అడగడానికేముంది?" అన్నాడు. అవతల వాళ్లేమనుకుంటారో తెలుసా? "బాబాయి చూశాడు, చూసినట్టు పేరు కూడా కనబడింది, ఒక్క మాట అనలేదు." చూడకపోతే తెలియదులే అని సర్దుకునేవారు. చూసినట్టు తెలిసిపోయి, మాట రాకపోవడమే గుచ్చుకుంటుంది. ఇదండీ అసలు జరుగుతున్నది. ఫోన్ చెయ్యడానికి పూర్వం మనకున్న సాకు ఏంటి? కబురు తెలుసుకోవడం. "పిల్ల ఎలా ఉంది, ఎవరెవరొచ్చారు, భోజనాల్లో ఏం పెట్టారు?" ఆ సాకునే ఈ యాప్‌లు తినేశాయి. కబురు ముందే చేరిపోతోంది, దానితోపాటు రావలసిన పలకరింపు మాత్రం రావట్లేదు.

దీని మీద చదువుకున్నవాళ్లు కూడా పని చేశారు. మొయిరా బర్క్, రాబర్ట్ క్రౌట్ అనే ఇద్దరు పరిశోధకులు ఫేస్‌బుక్ వాడేవాళ్ల మీద 2016లో ఒక అధ్యయనం వెలువరించారు. దగ్గరివాళ్లు మనకోసమని కూర్చుని రాసిన మాటలు, కామెంట్లు అందుకున్నవాళ్లకి మనసు కుదుటపడింది. ఊరికే పోస్టులు చూసుకుంటూ పోవడానికీ, ఒక నొక్కుతో పడే లైకులకీ ఆ ఫలితం కనబడలేదు. మనకోసం అవతలివాళ్లు కాస్త శ్రమ పడ్డారా లేదా అన్నది మనిషికి తెలుస్తుందన్నమాట. శుభలేఖ ఇచ్చేటప్పుడు బొట్టు పెట్టి పిలిచారా, గుమ్మంలో పడేసి పోయారా అని మనవాళ్లు చూసేది కూడా ఇదే కదా.

శుభలేఖ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, మా వైపు ఇప్పుడు తగువులన్నీ దీని మీదే. శుభలేఖ ఫొటో గ్రూపులో పెట్టి "ఇదే మా ఆహ్వానంగా భావించి" అని రాసేస్తున్నారు. కుర్రాళ్లకి ఫరవాలేదు. మేనత్తకి, మేనమామకి, పెదనాన్నకి అలా పంపితే పెళ్లికి రారు, వచ్చినా పందిట్లో మొహం ముడుచుకు కూర్చుంటారు. తప్పు వాళ్లది కాదు. అందరికీ పంపింది ఎవరికీ పంపనట్టే. నా సలహా ఏంటంటే, కార్డు వాట్సాప్‌లో పంపండి, తారీఖూ లొకేషనూ అందులో భద్రంగా ఉంటాయి. కానీ దగ్గరివాళ్లకి వెళ్లి పిలవండి, వెళ్లలేని ఊళ్లో ఉంటే ఇంట్లో పెద్దావిడ చేత ఫోన్ చేయించి పిలిపించండి. మీ గొంతు కాదు, పెద్దావిడ గొంతు.

ఇప్పుడు మీరు బయటికొచ్చిన ఆ ఇంటిపేరు గ్రూపు సంగతి. పొద్దున్నే గులాబీ పువ్వుల శుభోదయాలు, శనివారం వెంకన్న బాబు, మధ్యలో బావగారి రాజకీయాలు. విసుగొచ్చిందంటే ఆశ్చర్యం లేదు. అయితే మనవైపు కుటుంబం గ్రూపు చేసే పని ఒకటుంది, అది వేరే ఎవరూ చెయ్యరు. చావు కబురు. పూర్వం దీనికి మనిషిని పంపేవారు, ఆ మనిషి ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. ఇవాళ గ్రూపులో పెడితే అందరికీ చెప్పేసినట్టే లెక్క. జ్ఞాతులకి పదో రోజు దాకా మైల పట్టింపు ఉంటుంది, పెద్దకర్మ తారీఖు తెలియాలి, పోయిన మర్నాడైనా వెళ్లి పలకరించాలి. గ్రూపులో లేనివాళ్లకి ఇవేవీ అందవు. "నీకు తెలియదా, గ్రూపులో పెట్టాం కదా" అనేస్తారు. ఆ ఒక్క పనికోసమైనా గ్రూపులో ఉండాలనే నేను చెబుతాను. శబ్దం ఆపుకోవడానికి మ్యూట్ ఉంది, ఎల్లకాలానికీ పెట్టుకోవచ్చు. ఆర్కైవ్ చేస్తే కంటికీ కనబడదు.

ఇంకా మంచి మార్గం, అడ్మిన్ చేత రెండో గ్రూపు పెట్టించండి. అందులో అడ్మిన్‌లు మాత్రమే రాసేలా సెట్టింగ్ ఉంది, 2018 నుంచీ ఉంది, వాడేవాళ్లు తక్కువ. పుట్టుకలు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పోయినవాళ్ల కబుర్లు, ఊళ్లో తీర్థం తారీఖు, అంతే. గులాబీలు పాత గ్రూపులోనే పూయనివ్వండి. మా పేటలో రెండు మూడు కుటుంబాలకి ఇలా పెట్టించాను, గొడవలు సగం తగ్గాయి. కాకపోతే అడ్మిన్‌గా ఒక పెద్దనీ, ఒక కోడల్నీ పెట్టాలి. పెద్దకి పరువు, కోడలికి పని. లోకం తీరు, నేనేం చేస్తాను.

ఫేస్‌బుక్ తీసెయ్యడం గురించి నాకంత అభ్యంతరం లేదు. అమెరికాలో 2018 ఎన్నికల ముందు కొందరు ఆర్థికవేత్తలు జనానికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించి చూశారు. రోజుకి గంట దాకా మిగిలింది. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడపడం కాస్త పెరిగింది, మనసూ కొద్దిగా తేలికపడింది. దేశంలో ఏం జరుగుతోందో తెలియడం మాత్రం తగ్గింది. అంటే తీసేస్తే కొంపలేం మునగవు. కానీ ఒక్కటి పోతుంది, అది పాత పరిచయాలు. పదో తరగతిలో పక్క బెంచీ అమ్మాయి పెళ్లై ఇంటిపేరు మారి తణుకులో ఉందో టెక్సాస్‌లో ఉందో మీకెలా తెలుస్తుంది? మన వైపు బడుల్లో ఈ పాత బ్యాచిల ఆత్మీయ సమ్మేళనాలు ఇన్ని జరుగుతున్నాయంటే మనుషుల్ని వెతికి పెట్టింది ఫేస్‌బుక్కే. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే చెప్పాడు, ఉద్యోగం లాంటి కొత్త కబురు మనకి దగ్గరివాళ్ల ద్వారా కంటే అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారానే ఎక్కువగా వస్తుందని. దగ్గరివాళ్లకి తెలిసినవి మనకీ ముందే తెలిసుంటాయి కదా మరి. నేను చూసినంతలో కాకినాడలో ఆసుపత్రి పని పడ్డా, గల్ఫ్‌లో ఎవరో చిక్కుకున్నా, చివరికి అక్కరకొచ్చేది ఎప్పుడో కలిసి చదువుకున్న ఎవడో ఒకడే. కాబట్టి ఖాతా ఉంచండి, ఫోన్లోంచి యాప్ తీసెయ్యండి. వారానికోసారి కంప్యూటర్లో తెరిచి చూస్తే చాలు.

రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు వినే ఉంటారు, మనిషి నిలబెట్టుకోగల సంబంధాలు నూటయాభై దాకానే అన్నాయన. వాటిలోనూ నిజంగా ప్రాణంలా చూసుకునేది ఓ ఐదుగురినట. ఆ సంఖ్య కంటే నాకు నచ్చింది ఇంకోటి. ఆయనా శామ్ రాబర్ట్స్ అనే ఇంకొకాయనా కలిసి బ్రిటన్‌లో బడి వదిలి వెళ్లిన పిల్లల్ని 18 నెలలు గమనించారు. చుట్టరికాలు కలవకపోయినా దాదాపు అలాగే నిలిచాయి, స్నేహాలు మాత్రం పలచబడ్డాయి. ఆడపిల్లల స్నేహాలు నిలిచింది మాటల వల్ల. మగపిల్లలకి మాటలతో పని జరగలేదు, కలిసి ఏదో ఒకటి చేస్తేనే నిలిచాయి. ఇది చదివినప్పుడు నాకు మా కోనసీమలో ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట కళ్ల ముందుకొచ్చింది. కనుమ నాడు పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే దేవుణ్ని పెట్టి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, అక్కడికి చేరతాయి. గంగలకుర్రు వాళ్ల ప్రభ కౌశిక కాలువ దాటాలి, నడుం లోతు నీళ్లలో భుజాల మీద మోస్తూ. బెంగళూరు నుంచి, దుబాయ్ నుంచి దిగిన కుర్రాళ్లు ఆ ప్రభ మోసేటప్పుడు ఒకళ్లతో ఒకళ్లు పెద్దగా మాట్లాడుకోరు. "ఏరా", "పట్టు పట్టు", అంతే. ఏడాదంతా గ్రూపులో పెట్టుకున్న జోకులన్నీ కలిపినా ఆ గంటకి సాటి రావు. మీ తమ్ముడు ఎవరికీ ఫోన్ చెయ్యడని మీ అమ్మగారు గొణిగితే, తిట్టకుండా వాణ్ని కనుమకి ఊరికి పంపమనండి.

పెద్దవాళ్ల విషయంలో వాయిస్ మెసేజ్ వాడండి. టైపు చేసింది చదవడానికి కళ్లజోడు వెతుక్కోవాలి, ఇంకొకర్ని బతిమాలాలి. మా షాపుకొచ్చే మామ్మగారు ఒకావిడ మైక్ బొత్తాన్ని నొక్కి పట్టుకుని, ఫోన్‌ని నోటికి ఆనించి, దూరం దేశం కదా అని గట్టిగా అరిచి చెబుతుంది. మనవడు పంపింది మాత్రం చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వింటుంది. క్యాసెట్టు కాలంవాళ్లు కదండీ, దాచుకుని వినడం వాళ్లకి అలవాటు. వీడియో కాల్ అయితే సగం సేపు సీలింగ్ ఫ్యానే కనబడుతుంది, దాన్ని సరిచెయ్యబోయి విసుక్కోకండి.

దుబాయ్‌లో ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి, ఎమిరేట్స్‌లో మామూలుగా వాట్సాప్ కాల్ కలవదు, మెసేజీలు మాత్రం పోతాయి. అక్కడివాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. కువైట్‌లో వాట్సాప్ కాల్‌కి ఆ అడ్డం లేదు, మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి ఫోన్ తీసే వీలు రాత్రి పడుకోబోయే ముందే దొరుకుతుంది. "చూసి కూడా జవాబివ్వలేదు" అని ఆ పిన్నినో అత్తనో తప్పు పట్టకండి. పనిలో ఉండగా ఫోన్ ముట్టుకోనివ్వని ఇళ్లు చాలా ఉన్నాయి.

అన్నిటికీ ఇంటర్నెట్‌నే నమ్ముకోకండి కూడా. 2022 మేలో అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి దాటి పోయారు. మా షాపుకి అప్పుడు జనం వచ్చింది దేనికో తెలుసా? నంబర్ల కోసం. మెసెంజర్‌లో, ఇన్‌స్టాలో రోజూ మాట్లాడుకునే మనిషి ఫోన్ నంబరు దగ్గర లేదు. ఇంట్లో ఒక పుస్తకంలో ఓ ఇరవై నంబర్లు పెన్నుతో రాసి పెట్టండి. అలాగే చుట్టాల ఫొటోతో "అర్జెంటుగా డబ్బు కావాలి" అని మెసేజ్ వస్తే, మీ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న నంబరుకి మామూలు కాల్ చేసి గొంతు విన్నాకే పంపండి. పొరపాటున పంపేస్తే వెంటనే 1930కి చెయ్యాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరకడం కష్టం. సంక్రాంతికి ఊరెళ్తూ బస్సులోంచి స్టేటస్ పెట్టడం కూడా మానుకోండి, ఇల్లు తాళం వేసి ఉందని ఊరంతా చాటినట్టే.

ఇంతకీ మీరేం చెయ్యాలంటే, స్టేటస్ చూడటం మానక్కర్లేదు. చూసిన ప్రతిదానికీ స్పందించనూ అక్కర్లేదు. వారంలో ఒక్కటి ఎంచుకోండి. మీ దొడ్డమ్మ కొత్త కళ్లజోడు పెట్టుకున్న ఫొటో ఉందనుకోండి, లైకు కొట్టకుండా ఫోన్ చేసి "ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నావు, నాకు చెప్పలేదేం?" అని దెబ్బలాడండి. ఆ దెబ్బలాటకి విలువుంది. యాప్‌ని సాకులు దొరికే చోటుగా వాడుకోండి, పలకరింపు దాని మీదకి నెట్టకండి.

గ్రూపులోకి తిరిగి వెళ్లే సంగతి. 2022 నుంచి గ్రూపు వదిలితే అడ్మిన్‌లకే కబురు వెళ్తుంది, అందరికీ చాటింపు ఉండదు. మరి మీ అమ్మగారికి ఎలా తెలిసిందంటే, అడ్మిన్ మీ చిన్నాన్నగారే అయ్యుంటారు. చేర్చమని ఆయనకి మెసేజ్ పెట్టకండి, ఫోనే చెయ్యండి. రొయ్యల చెరువున్న మనిషైతే మేత వేసే టైము తప్పించి చెయ్యండి, లేకపోతే "ఆ చూద్దాంలే" అని పెట్టేస్తారు.